పేక దొరకని పడుగు

“గద్వాల కోట కూలినా పడుగు ఆగదు. ఒక్కసారి కంప్యూటర్ల పెడితే సాలు. మీ పిల్లలు, వాళ్ల పిల్లలు గూడ దీంట్లనే అంచులు గీసుకుంటరు. ఇది నా మాట.”

ఇరవై ఏళ్ల కిందట ఈ మాట అన్నది మార్కండేయ. కోట ముందర, ఇప్పుడు కింద ఇస్రాయేలు టీకొట్టు ఉన్న మేడ మీద ఆయన కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు. ఆ రోజు మానిటర్‌కు బంతిపూల దండ వేసి, నీళ్లు కీబోర్డు మీద పడకుండా కొబ్బరికాయను కిందికొచ్చి మెట్ల మీద కొట్టి, నేతగాళ్లందరినీ చాపల మీద కూర్చోబెట్టి మాటిచ్చాడు. కోట కూలలేదు. పడుగు మాత్రం ఆగింది.

పడుగు అంటే ఆయన రాసిన ప్రోగ్రాం. అంతకు ముందు చీర అంచు మీద హంస తల ఎక్కడ తిప్పాలో, కోటగోడ కొనల్లాంటి కోటకొమ్మ ఎక్కడ మెట్టు దిగాలో గ్రాఫు కాగితం మీద గడిగడికీ చుక్క పెట్టుకుంటూ మనుషులు కళ్లు పోగొట్టుకునేవాళ్లు. పడుగు వచ్చాక ఆ చుక్కలు తెర మీదికి ఎక్కాయి. తెర మీది బొమ్మను చూసి అట్టలకు చిల్లులు కొట్టించుకోవడం, ఆ అట్టలను మగ్గం మీది జకార్డు పెట్టెకు ఎక్కించడం, నేయడం. ఊళ్లో చాలా అంచులు అట్లా పుట్టినవే.

ఆ నేతగాళ్లలో ఒకడు రమేష్, రంజిత్ తండ్రి. అతను గీసిన అంచు కూడా అట్లా పుట్టిందే. కోటకొమ్మలు అందరూ గీస్తారు. రమేష్ ప్రతి కొమ్మ వెనకా ఒక పాలపిట్టను దాచాడు. చూసేవాళ్లకు నీలం తోక ఒక్కటే కనిపిస్తుంది. మిగతా పిట్ట వెనకాల ఉందని నమ్మాలి. ఆ అంచును నమ్మి కట్టుకున్న ఆడవాళ్లు రాయచూరు దాకా ఉన్నారు.

రమేష్ పోయి మూడేళ్లు. అంచు తాలూకు అట్టలను మొన్నటి చలికాలంలో ఎలుకలు కొరికేశాయి. ఇప్పుడు నాగమణి, అంటే రంజిత్ తల్లి, సాదా అంచు నేస్తూ కాలం నెట్టుకొస్తోంది. మగ్గం మీద ఇప్పుడున్న నూలు అయిపోగానే నూలిచ్చి నేయించే సేటు పంపే కొత్త అంచు ఎక్కించాలి. దానికి మగ్గం మీది కట్టు మొత్తం విప్పి వేరేగా కట్టుకోవాలి. ఒకసారి విప్పితే రమేష్ అంచు ఆ మగ్గం మీదికి మళ్లీ రాదు. విప్పకుండా ఉండాలంటే ఒకటే దారి. రమేష్ గీసిన బొమ్మ పెన్‌డ్రైవులో భద్రంగా ఉంది, దాన్ని తెరిచి కొత్త అట్టలు కొట్టించాలి. ఆ బొమ్మను తెరవగలిగింది పడుగు ఒక్కటే.

పడుగు కూడా అదే పెన్‌డ్రైవులో ఉంది. రంజిత్ తన ల్యాప్‌టాప్‌లో దాని మీద నొక్కిన ప్రతిసారీ తెర మీద ఒక చిన్న పెట్టె లేస్తుంది. పేక అనే డీఎల్ఎల్ ఫైలు ఈ కంప్యూటర్‌లో కనిపించడం లేదు, కాబట్టి పడుగు మొదలుకాదు అని దాని సారాంశం. అంచును అద్దంలోలా అటూ ఇటూ తిప్పడం, కొమ్మ పక్కన కొమ్మను పేర్చడం, ఆ పనితనమంతా పడుగులో లేదు. పేక అనే వేరే ఫైల్లో ఉంది. పడుగు లేవగానే పేకను పిలుస్తుంది. పేక పలకకపోతే పడుకుంటుంది.

మార్కండేయ తాళం వేసుకున్న మేడ మీది గది తప్ప రంజిత్ వెతకని చోటు లేదు. నేతగాళ్ల సంఘం కంప్యూటర్ పాత సామాన్లవాడి బండెక్కింది. తండ్రి కంప్యూటర్ పిడుగుకు పోయింది. ఇంటర్నెట్లో ప్రపంచంలోని డీఎల్ఎల్‌లన్నీ దొరుకుతాయి కానీ పేక దొరకదు. ఈ ఊరి మనిషి ఈ ఊరి అంచుల కోసం రాసింది, ఈ ఊళ్లోనే దొరకాలి. జ్ఞానం ఒకడి జేబులో ఉంటే అది దోపిడీ అని డిగ్రీ కాలేజీ గోడ మీద ఎర్ర రంగుతో రాసినవాడు రంజిత్. ‘నేసేటోనికే అంచు’ అని దాని కింద రాసింది కూడా అతనే. ఆ గోడ ముందునుంచే మార్కండేయ రోజూ టీ తాగడానికి పోతాడు. చదివి, బాగుంది అని మెచ్చుకుని మరీ పోతాడు. అక్కడే రంజిత్‌కు ఒళ్లు మండేది.

ఆషాఢం మధ్యాహ్నం. మబ్బు పట్టింది గాని చినుకు లేదు. టీకొట్టు ముందు బల్ల మీద మార్కండేయ, పక్కన పత్తి విత్తనాలు పండించే పెంటయ్య, ఎదుటి స్టూలు మీద సుష్మ ఉన్నారు. పెంటయ్య మందు కొట్టే పంపు బాగు చేయించుకోవడానికి ఊళ్లోకి వచ్చాడు. సుష్మ ఒకప్పుడు ఆ మేడ మీదే మార్కండేయ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు బళ్లో అదే పాఠం చెబుతోంది. ఇస్రాయేలు పాలు పొంగకుండా గరిటె తిప్పుతున్నాడు.

రంజిత్ ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుశలాలు అడగలేదు.

“కాకా, పేక ఏడుంది?”

మార్కండేయ టీ గ్లాసు మీద ఈగలు వాలకుండా పాత సీడీ ఒకటి మూతగా పెట్టుకుంటాడు. దాని మీది రాత ఎప్పుడో చెరిగిపోయింది. ఆ మూత తీసి, ఒక గుక్క తాగి, మళ్లీ మూత పెట్టాడు. మూత పెట్టాడంటే కథ మొదలైనట్టే.

“పేక సంగతా కొడుకా. పేక ఏడుందని అడుగుడు గాదు, ఏడ లేదని అడుగు. కూసో, చెప్త.”

మొదట్లో అది అంత గొప్ప సంగతేం కాదన్నాడు. రమేష్ పగలంతా గ్రాఫు గీసి, సాయంత్రం కళ్లకు తడి గుడ్డ వేసుకుని పడుకుంటే చూడలేక రాశానన్నాడు. రాసే రోజుల్లో రమేష్ పక్కనే కూర్చుని, నీ కంప్యూటర్ పిట్టకు మెడ విరుస్తోందిరా అని తిట్టేవాడట. తిట్టినప్పుడల్లా పేకలో ఒక గీత మారేది. అట్లా తిట్లతోనే పేక పూర్తయిందట. రంజిత్ ఈ ముక్క ఇంతకు ముందు వినలేదు. కోపంగా వచ్చినవాడు ఒక క్షణం తండ్రి గొంతు వినబడినట్టు తల ఎత్తాడు.

“ఇగ మేడ మీద పడుగు మంచిగ నడిచె. మెట్లు దిగి మీ ఇంట్ల పెడితే నడవకపాయె. నడవకపోతే మీ నాయిన నన్ను చూసిన చూపు ఇప్పటికి యాదికున్నది. అప్పుడు ఎరుకైంది, పేకను మేడ మీదనే మరిచిన. ఉరికి తెచ్చి దాని జాగల పెట్టిన, నడిచె.”

పెంటయ్యకు ఒక అనుమానం వచ్చింది. రెండూ ఒకదాంట్లోనే కలిపేస్తే ఈ ఉరుకుడు ఉండదు కదా అన్నాడు. మార్కండేయకు ఇలాంటి ప్రశ్న టీ కన్నా ఇష్టం. కలపొచ్చన్నాడు. ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడే, అంటే కంప్యూటర్ భాషలోకి మార్చేటప్పుడే, పేకను పడుగు కడుపులో పెట్టి కుట్టేయొచ్చు. అట్లా చేస్తే ఆ ప్రోగ్రాం ఏ కంప్యూటర్‌కు పోయినా ఎవరినీ ఏదీ అడగదు. కానీ ఆ రోజుల్లో డిస్కులో జాగా ఎక్కడిది. ఆయన రాసిన ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి, రంగుల లెక్కది ఒకటి, నూలు లెక్కది ఒకటి. అన్నింటి కడుపులోనూ ఒక్కో పేకను పెడితే కంప్యూటర్ మోయలేదు. అందుకే పేకను బయట ఉంచి అందరూ వచ్చి వాడుకునేట్టు చేశాడు.

“వాడకట్టంతటికి ఒక్క రోలు ఉంటది చూడు, గట్ల.”

“రోలు ఎవడన్న ఎత్తుకపోతే?” అన్నాడు పెంటయ్య.

“నా రోలును ఎవడెత్తుకపోతడు పెంటయ్యా. అటెన్క ఏమైందో ఎరుకేనా?”

ఆ తర్వాత వనపర్తి. అక్కడ అంచులు గీయించే దుకాణం వాళ్లకు పడుగు పెట్టించి వచ్చాడు. నెల తిరక్కముందే ఫోన్. కంప్యూటర్‌కు దయ్యం పట్టింది, వచ్చి చూడమని. పోయి చూస్తే దయ్యం కాదు. వనపర్తిలో ఇంకెవడో విత్తనాల దుకాణం లెక్కలకు ప్రోగ్రాం రాసి, దానికీ పేక అనే డీఎల్ఎల్ పెట్టాడు. ఒకే అరలో ఒకే పేరుతో రెండు ఉండలేవు కదా, కొత్తది వచ్చి పాతదాన్ని తొక్కి కూర్చుంది. పడుగు పేకను పిలిస్తే విత్తనాల పేక పలికింది. అంచు గీయమంటే వేరుశనగ బస్తాలు గీసింది.

ఇంతవరకు సుష్మ తల ఊపింది. ఇలాంటివి ఆమె కూడా చూసింది. ఆ తర్వాత తల ఊపడం మానుకుంది. ఎందుకంటే మార్కండేయ తన పేకను మళ్లీ లోపలికి పంపగానే రెండు పేకలూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాయట.

“ఒకే పేరున్న తోడికోడళ్లు ఒకే వంటింట్ల ఉన్నట్టు. సత్తెమ్మా అంటే ఇద్దరు ఉరికొస్తరు, కూర మాడిందంటే ఇద్దరు పలుకరు. ఆ కొట్లాటకు కంప్యూటర్ ఊగె, బల్ల ఊగె, బల్ల నడుసుకుంట నడుసుకుంట తలుపు దాక పాయె. దుకాణపాయన ఎద్దును గట్టే పగ్గం తెచ్చి బల్లను గుంజకు కట్టేసిండు. నేను ఏం జేసిన? ఇద్దరికి ఏరు కాపురం పెట్టిన. ఎవని పేక వాని ప్రోగ్రాం పక్కన్నే, వాని ఫోల్డర్లనే. అంతే, చప్పుడు లేదు.”

“ఏరు కాపురం సంగతి కరెక్టే సార్,” అంది సుష్మ. “ఆ కంప్యూటర్ల విండోస్ ఎవరు పెట్టిండ్రు?”

“ఇంకెవరు బిడ్డా, నేనే. నా చేతి సీడీతోని.”

ఇస్రాయేలు రంజిత్ ముందు టీ పెట్టాడు. రంజిత్ ముట్టుకోలేదు. పేక ఏదని అడిగితే వనపర్తి పోయాడు, ఇక నాగర్‌కర్నూల్ పోతాడు అనుకున్నాడు. అనుకున్నట్టే నాగర్‌కర్నూల్ పోయాడు.

అయితే కాలితో పోలేదు, ఫోన్లో పోయాడు. ఆ రోజు బంద్, బస్సులు లేవు. అక్కడ మానస అనే అమ్మాయి అంచులు గీస్తుంది, తెల్లారితే పెళ్లి చీర మగ్గమెక్కాలి, పేక చెడిపోయింది. మార్కండేయ కోట ముందర ఎస్టీడీ బూత్‌లో నిలబడి, పేకలో ఉన్న సున్నాలు, ఒకట్లు ఒక్కొక్కటే నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల అటువైపు కొట్టుకుంటూ పోయింది. బూత్ వాడు విని విని నిద్రపోయాడు, లేచాడు, ఇంటికిపోయి తిని వచ్చాడు. ఈయన గొంతు పోతే ఇస్రాయేలు మిరియాల పాలు పోశాడు.

“నేను పొయ్యలే సారూ,” అన్నాడు ఇస్రాయేలు.

“నువ్వు కాకపోతే మీ నాయిన పోసిండు. నడుమ తెలకపల్లి కాడ లైన్ల ఇంకొకామె కలిసింది. ఆమె కోళ్లను గంప కింద యేస్తుంది. ‘ఒకటి, ఇంగొకటి’ అంటుంది. ఆ పిల్ల నేనే అన్ననుకొని గది గూడ కొట్టింది. అటెన్క ఏమైందో ఎరుకేనా? పడుగు తెరుస్తే హంసకు మూడో కాలు మొలిచింది.”

పెంటయ్య టీ గొంతులో అడ్డం పడింది. మూడు కాళ్ల హంస ఈదుతుందా అని దగ్గుతూనే అడిగాడు. రెండుకాళ్ల దానికన్నా జోరుగా ఈదుతుందని మార్కండేయ జవాబు. ఆ ఏడు నాగర్‌కర్నూల్ పెళ్లిళ్లలో మూడుకాళ్ల హంస అంచే కావాలని అలిగిన పెళ్లికూతుళ్లు ఉన్నారట. సుష్మ మళ్లీ అడిగింది, మానస కంప్యూటర్‌ను సిద్ధం చేసిందెవరని. నేనే అన్నాడు, ఆ పిల్ల కుంకుమబొట్టు పెడుతుంటే స్విచ్ వేసింది కూడా నేనే అన్నాడు.

నవ్వొచ్చే మాటలే. రంజిత్‌కూ నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. చిన్నప్పుడు ఈ మనిషి ఒళ్లో కూర్చునే మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. మేడ మీద ఏసీ లేదు, కిటికీకి తడి గోనెపట్టా కట్టేవాళ్లు. ఆ తడి గోనె వాసన, వరసగా వెలిగే పెద్ద పెద్ద మానిటర్లు, నేసి నేసి కాయలు కాచిన వేళ్లు భయం భయంగా కీబోర్డు మీద దిగడం, బొమ్మ తెర మీద తిరగ్గానే ముసలివాళ్లు పిల్లల్లా ఒకరి భుజం ఒకరు చరుచుకోవడం. ఇక మన చేతుల్లోకే వచ్చేసిందిరా అని రమేష్ అన్న రోజు. ఆ మాట నమ్మిన ఊరు ఇది. నమ్మినందుకే ఈ కోపం. పరాయివాడు మాట తప్పితే జెండా పట్టుకోవచ్చు. ఒళ్లో కూర్చోబెట్టుకున్నవాడు తప్పితే ఏం పట్టుకోవాలి?

ఈ లోపల మార్కండేయ అలంపూర్ దారి పట్టాడు. రెండువేల తొమ్మిది వరద. ఆ పేరు వినగానే గరిటె ఆగింది. ఇస్రాయేలు అత్తగారి ఇల్లు ఆ నీళ్లలోనే పోయింది. మార్కండేయ అది గమనించి గొంతు తగ్గించాడు.

“ఆడ నేను బియ్యం మూటలు మోసిన ఇస్రాయేలు. అది కథ గాదు.”

“అది నిజమే,” అన్నాడు ఇస్రాయేలు. “సారు మోసిండు. భుజం కొట్టుకపోయినా మోసిండు. నేను సూసిన.”

మార్కండేయ ఆ ఒక్క నిజం దగ్గర ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆగడం ఆయనకు సరిపడదు. మూటలు మోసి మోసి చివరికి చూస్తే, దూరంగా నీళ్లలో గుమ్మడికాయలా ఏదో తేలుతోందట. అది అలంపూర్‌లో దుకాణం పెట్టుకున్న యాదయ్య కంప్యూటర్. ఊరివాళ్ల అంచులన్నీ అందులోనే ఉన్నాయి. ఇక ఉరికాడు. ముందు బీచుపల్లి పోయి అంజన్నకు దండం పెట్టి, స్వామీ నీ ఎగురుడు జర ఒక్కపూటకు నాకియ్యి, మళ్లా తెచ్చిస్త అన్నాడు. అంజన్న సరే అన్నాడు. ఫ్లాపీని పాలకవర్లో చుట్టి పళ్లతో పట్టుకుని, ఒడ్డు మీదినుంచి ఎగిరి, కంప్యూటర్ పక్కన దూకాడు. అడ్డం వచ్చిన మొసలి ఆయన నోట్లో ఫ్లాపీని చూసి, వీడి పళ్లు నా పళ్ల కన్నా పెద్దవని పక్కకు జరిగింది.

“కరెంటు ఏడిది?” అని పెంటయ్య.

“గదే చెప్తున్న. డబ్బ లోపల ఫ్యాను ఉంటది గద, అండ్ల ఒక వాలుగ చేప దూరింది. అది బయటికి రానీకి గింజుకుంటుంది, ఫ్యాను తిరుగుతుంది. ఎప్పుడు కరెంటుతోని ఫ్యాను తిరుగుతది, ఆ దినం ఫ్యానుతోని కరెంటు పుట్టింది. తెర ఎలిగింది. నీళ్ల కిందనే కూసోని పేకను మళ్ల కంపైల్ జేసిన, ఊపిరి బిగవట్టి. ఒక్క తప్పు రాలే, ఎందుకంటే తప్పు వస్తే మళ్ల ఊపిరి తీసుకోవాలె. పడుగు లేసింది, పేకను పిలిచింది, పేక పలికింది. నేను ఊరి చుట్టు ఒక అంచు గీసిన. తుంగభద్ర ఆ అంచు చూసింది. ఎంత నది అయినా ఆడమనిషే గద, అంచు తొక్కుతదా? ఎనకకు పాయె.”

ఇస్రాయేలు నవ్వాడు. ఆ నీళ్ల గురించి అతను నవ్వగా రంజిత్ ఎప్పుడూ చూడలేదు. సుష్మ కూడా నవ్వుతూనే, యాదయ్య కంప్యూటర్‌కు విండోస్ వేసిందెవరని అడిగింది. నేనే, అలంపూర్‌లో నేను కాక ఎవరున్నారు అన్నాడు మార్కండేయ. ఊపు మీదున్నాడు. మూత తీసి టీ తాగడం కూడా మరిచిపోయాడు.

ఇక రాకెట్. అది ఎక్కడి రాకెట్ అంటే చెప్పకూడదట, సర్కారు రహస్యం. ఎగరడానికి అంతా సిద్ధం. సున్నా అన్నారు, లేవలేదు. తెర మీద పెట్టె లేచింది, పేక కనిపించడం లేదని. చంద్రుని దాకా దారి గీయడానికి వాళ్లు కూడా మన పడుగే వాడారట, అంత సాఫుగా వంపు తిప్పే ప్రోగ్రాం దేశంలో ఇంకొకటి లేదు కాబట్టి. పెద్ద పెద్ద సైంటిస్టులు గద్వాలకు ఫోన్ చేసి ఏడ్చారు. ఏడవొద్దని చెప్పి, రాత్రికి రాత్రి పోయి పేకను దాని జాగాలో పెట్టి, రాకెట్ తోక మీద చిన్నగా తట్టాడు. లేచి పోయింది.

“పోయి ఊకుంటదా. పడుగు నేర్చిన పని గీసుడు గద. సంద్రుని చుట్టు అంచు గీసింది. ఏ అంచు అనుకున్నరు?” మార్కండేయ రంజిత్ వైపు తిరిగాడు. గొంతులో కోతలు తగ్గి ఇంకేదో చేరింది. “మీ నాయిన అంచే కొడుకా. కోటకొమ్మ, ఎనక పాలపిట్ట. పున్నం నాడు మబ్బు లేకుంటే చూడు. తోక ఒక్కటి ఔపడ్తది. తతిమ్మ పిట్ట సంద్రుని ఎనక ఉంటది.”

రంజిత్ టీ గ్లాసు పక్కకు జరిపాడు. చాలా నినాదాలు నోటికి వచ్చాయి. ఏవీ సరిపోలేదు. చివరికి మామూలు మాటే వచ్చింది.

“సంద్రుని మీద ఉన్నదే కాకా. మా అమ్మ మగ్గం మీద లేదు.”

పెంటయ్య తల దించుకున్నాడు. మార్కండేయ ఏదో అనబోయాడు. అంతలో సుష్మ తన గ్లాసు బల్ల మీద పెట్టింది.

“సార్, ఆ రాకెట్ కంప్యూటర్ల విండోస్ ఎవరు పెట్టిండ్రు?”

“నేనే,” అన్నాడు మార్కండేయ, అలవాటుగా.

“వనపర్తిది మీరే. నాగర్‌కర్నూల్ది మీరే. అలంపూర్ది మీరే. రాకెట్‌ది గూడ మీరే. సార్, మీ చెయ్యి పడని కంప్యూటర్ మీద పడుగు ఒక్కనాడన్న నడిచిందా?”

గరిటె మళ్లీ ఆగింది. మార్కండేయ గ్లాసు మీది సీడీని వేలితో అటూ ఇటూ తిప్పాడు.

రంజిత్‌కు అప్పుడు అంతా తెలిసింది. ఊళ్లో ప్రతి కంప్యూటర్‌నూ పెట్టింది ఈ చేతులే. పెట్టిన ప్రతిసారీ తన సీడీలోంచి పేకను విండోస్ అరలో ఎక్కడో పెట్టి వచ్చాడు. అది ఎంత అలవాటైందంటే, పెడుతున్నానన్న సంగతి ఆయనకే గుర్తు లేదు. పడుగు తన కాళ్ల మీద తాను నడుస్తోందని ఊరంతా అనుకుంది. ఊరు అట్లా అనుకోవడానికి కారణం ఉంది. చీర పూర్తయితే మగ్గం మీంచి కోస్తారు, మడత పెడతారు, ఇస్తారు. కట్టుకున్నవాళ్ల వెంట మగ్గం రాదు. పడుగును కూడా రమేష్, సంఘంవాళ్లు, అందరూ అట్లాగే కోసి పెన్‌డ్రైవులో మడతపెట్టుకున్నారు. పాత కంప్యూటర్లు ఒకటొకటిగా బండెక్కుతుంటే వాటితో పాటు పేక కూడా పోతోందని నేతగాళ్ల ఊళ్లో ఎవరికీ తోచలేదు.

అతను ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. పడుగు మీద నొక్కాడు. చిన్న పెట్టె లేచింది.

“దీన్ల నీ చెయ్యి పడలే కాకా. ఇది నేను పెట్టుకున్నది. దీన్ల నడిపించు.”

మార్కండేయ అద్దాలు తీసి తుడుచుకుని పెట్టెలోని మాట చదివాడు. తన బిడ్డ పేరును పరాయివాడు రాసినట్టు చదివాడు. తర్వాత కొంచెం రోషంగా, చీర ఇచ్చేటోడు మగ్గం గూడ ఇస్తడా అన్నాడు.

“చీర ఇడిసిపెట్టు. మగ్గం సంగతే చెప్పు,” అన్నాడు రంజిత్. “నూలు అయిపోతే మా అమ్మ అంతా కోసి పారేస్తదా? మగ్గం అచ్చుల పాత పోగుల కొసలు ఉంచుతది. కొత్త నూలు తెచ్చి ఆ కొసలకే అతుకుతది, పోగు పోగుకు. కొసలు ఉంచకుంట మగ్గం దిగినోన్ని ఈ ఊర్ల నేతగాడు అంటరా కాకా? నువ్వేం జేసినవ్? మాకు అతుకుకోనీకి ఒక్క కొస ఉంచలే.”

మార్కండేయ చెయ్యి మొలకు పోయింది. అక్కడ తాళంచెవి ఉంది. మేడ మీది గదిది. అందరికీ తెలుసు, సెంటర్ మూసినా ఆ గది ఖాళీ చేయలేదని. మొదటి కంప్యూటర్, పడుగునూ పేకనూ రాసిన కంప్యూటర్, ఆ గదిలోనే దుప్పటి కప్పుకుని ఉందని. రమేష్ పోయినప్పటినుంచి ఆ తాళం తీయలేదు.

“మీ నాయిన కుర్చీ గూడ ఆడనే ఉన్నది,” అన్నాడు మార్కండేయ. ఈసారి గొంతులో ఎక్కువా లేదు, తక్కువా లేదు. “స్విచ్ ఏస్తే లేస్తదో లేవదో తెల్వదు రంజితూ. మూడేండ్లు అయింది. తాళం తియ్యనంత సేపు అది నడుస్తనే ఉంటది గద.”

వనపర్తి బల్ల కన్నా, మూడుకాళ్ల హంస కన్నా, చంద్రుని అంచు కన్నా ఆ చిన్న మాట అక్కడ ఉన్నవాళ్లకు పెద్దగా వినిపించింది. సుష్మ, లేవకపోతే డిస్కు ఊడదీసి వేరేదానికి తగిలించి చూడొచ్చు సార్, నేను వస్త అంది. రంజిత్ కోపం ఒక మెట్టు దిగింది. దిగిన మెట్టు మీద గట్టిగా నిలబడింది. తాళం వెనక నడిచే పడుగు తన తల్లికి అక్కర లేదు. ‘కోట కూలినా పడుగు ఆగదు’ అన్న మాటను చాపల మీద కూర్చుని విన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

“రేపు తీస్తలే,” అన్నాడు మార్కండేయ.

“రేపు వద్దు కాకా. నీ రేపులు నాకు చిన్నప్పట్నుంచి ఎరుకే. తారీఖు పెడుదాం.” రంజిత్ ల్యాప్‌టాప్ మూశాడు. “మగ్గం మీది నూలు అయిపోయే దినం అమ్మ చెప్పింది. ఆ దినమే చేనేత దినమట, కోట ముందర షామియానా ఏస్తరు, దండలు, ఫొటోలు. ఆ దండలు పడకముందు నాకు జవాబు కావాలె. పేకను పడుగు కడుపులనే పెట్టి కంపైల్ జేసి ఇయ్యి, మళ్ల ఎవ్వరి చెయ్యి అడుగకుంట. నువ్వు రాసిన రాత, ఆ సోర్సు కోడు గూడ ఇయ్యి, నీ తర్వాత మేం అతుకుకుంటం. లేస్తే లేచిందను. లేవకపోతే లేవలేదను. ఏదైనా సరే, కథ చెప్పకు.”

మార్కండేయ గ్లాసు మీది సీడీ తీశాడు. టీ చల్లారి మీద తెట్టు కట్టింది. అట్లాగే తాగేసి, ఏ తారీఖని అడిగాడు.

“ఆగస్టు ఏడు.”